మాల్ వస్తది

మసీదు మైకు గరగరమంది. నమాజు వేళ కాదు. దుకాణంలో ఒకామెకు లైనింగ్ గుడ్డ చింపి ఇస్తున్నదాన్ని, "హజ్రాత్, ఏక్ ఐలాన్ సునియే" అన్న మాట చెవిన పడగానే ఆగిపోయాను. వేళగాని వేళ వచ్చే ఐలాన్ అంటే ఏమిటో రామన్నపేటలో అందరికీ తెలుసు. చనిపోయిన డ్రైవర్ సాబ్ భార్య ఈ పొద్దున కాలం చేశారనీ, మధ్యాహ్నపు జొహర్ నమాజు కాగానే జనాజా లేస్తుందనీ రెండుసార్లు చెప్పి మైకు ఊరుకుంది. ఆమె పేరు చెప్పలేదు. ఆడవాళ్ళ పేర్లు మైకులో చెప్పరు. "ఎవరో పాపం, పెద్దామెనా?" అని అడిగింది గుడ్డ కొంటున్నామె. నేను జవాబు చెప్పేలోపే, "మీటరున్నర చాలక్కా, రెండొద్దు" అంది.

మీటరున్నరే చింపి ఇచ్చాను. ఏం చేయమంటారు, చావు కబురు వచ్చిందని కత్తెర దానంతటది ఆగదు. ఆమె వెళ్ళిపోయాక స్టూలు మీద కూలబడ్డాను. ఇక ఈ గల్లాపెట్టె ముందు నిలబడి దారం రీలును వెలుతురుకు పట్టి చూసే మనిషి లేదు కదా అని అప్పుడు ఏడుపొచ్చింది.

మా గల్లీ మొత్తానికీ ఆమె ఖాలా. మా అమ్మ ఆమెను అక్కా అనేది, కాబట్టి నాకు పెద్దమ్మ వరస. మాది దారాలు, గుండీలు, లైనింగులు అమ్మే చిన్న దుకాణం. అమ్మ పెట్టింది, అమ్మ పోయాక నేను నడుపుతున్నాను. ఖాలా వాళ్ళిల్లు దుకాణం వెనక గల్లీలోనే. ఆమె భర్త, మేమంతా చాచా అనేవాళ్ళం, మస్కట్‌లో ట్రక్కు నడిపేవాడు. నేను బడికి పోయే రోజుల్లో ఆయన ఒకసారి సెలవు మీద వస్తూ ఒక మూట తెచ్చాడు. విప్పితే తెల్లటి గుడ్డ ముక్కలు. వాటి మీద నీలం చుక్కలతో అచ్చువేసిన ముగ్గులు. ఒమన్ దేశంలో మగవాళ్ళు పెట్టుకునే టోపీలకు కత్తిరించిన ముక్కలవి. ఆ టోపీని వాళ్ళు కుమ్మా అంటారు. ఒక్కో చుక్క దగ్గర సన్నగా బెజ్జం పొడవాలి. ఆ బెజ్జం అంచు చుట్టూ, మన దర్జీలు చొక్కాకు కాజా కుట్టినట్టు, చేత్తో కుట్టాలి. ఒక్క టోపీకి లెక్కలేనన్ని కాజాలు. అక్కడి పాత బజారులో టోపీలమ్మే సేఠ్ ఒకాయన చాచాకు దోస్తు అయ్యాడట. మీ ఇంటి ఆడవాళ్ళు కుడతారా, కుడితే కూలి ఇస్తాను అని పంపాడట.

అమ్మ ఆ పేరు విని పడీపడీ నవ్వింది. "కుమ్మరోళ్ళు కుండలు చేస్తరు. నువ్వు కుమ్మలు చేస్తవా అక్కా?" అంది.

"కుండ పొయ్యి మీదికి, కుమ్మ నెత్తి మీదికి. రెండిట్ల ఏది చేసినా బువ్వ కోసమే గద చెల్లె" అంది ఖాలా.

బువ్వ కోసమే అయింది నిజంగా. మొదట ఆమె ఒక్కతే కుట్టింది. తర్వాత ఎదురింటామెకు నేర్పింది, తర్వాత మా అమ్మకు, తర్వాత గల్లీలో ఖాళీగా ఉన్న ప్రతి ఆడమనిషికీ. సాయబులామెనా, కోమటామెనా, గొల్లామెనా అని చూడలేదు, చేయి నిలకడగా ఉందా లేదా అని చూసింది. మస్కట్ నుంచి వచ్చే ఆ మూటను అందరం మాల్ అనేవాళ్ళం. "మాల్ వచ్చిందంట" అని గల్లీలో ఒక్కరు అంటే చాలు, పొయ్యి మీద కూర దించి మరీ వచ్చేవాళ్ళు. ఖాలా వాళ్ళ రేకుల వసారాలో చాప పరిచి, మూట మధ్యలో పెట్టి, బిస్మిల్లా అని ముడి విప్పేది. పిల్లల ఫీజులు, గ్యాసు బండలు, ఒకామె కంటి ఆపరేషను, ఇంకొకామె ఇంటి మీద రేకులు, అన్నీ ఆ మూటలోంచే వచ్చాయి. ఏ దేశంలోనో ఎవరి తలల మీదికో పోయే బెజ్జాలతో మా గల్లీ చాలా ఏళ్ళు అన్నం తిన్నది.

దారం దగ్గర ఖాలాతో వేగడం మహా కష్టం. తెల్లదారం కావాలంటుంది. ఇస్తే రీలు పట్టుకొని మెట్టు మీదికి పోయి ఎండలో చూస్తుంది. "గిది పాలతెలుపు. నాకు బియ్యపు తెలుపు కావాలె" అంటుంది. ఇంకోటి ఇస్తే, "గిది ముగ్గుపిండి" అంటుంది. అమ్మకు ఒళ్ళు మండేది. "పిల్లను చూసినట్టు చూస్తవేందక్కా దారాన్ని?" అంటే, "పిల్లకు వంకుంటే సర్దుకుంటం. దారానికి వంకుంటే కాజా ఊకుంటదా?" అనేది. నచ్చిన రీలు దొరికితే మూర దారం తీసి పెదవుల మధ్య నుంచి లాగి చూసేది, ముడి ఉందేమోనని. వేలికి ఇత్తడి అంగుష్తానా ఎప్పుడూ ఉండేది, సూది గుచ్చుకోకుండా. చాయ్ తాగేటప్పుడు కూడా తీసేది కాదు. సాసరు మీద అది టిక్కుమంటే లోపల వంటింట్లో ఉన్న అమ్మ, "అక్కొచ్చినట్టుంది" అనేది. తెగిన దారం కొసలు పారేసేది కాదు. డబ్బాలో దాచి, నిండితే దిండులో కూరేది. ఆ దిండు మీదే పడుకునేది. "ఒమన్ మొత్తం నా తల కిందనే ఉంది" అని నవ్వేది.

ఒక్కదానికి మాత్రం నవ్వేది కాదు. తన టోపీ ఎవరైనా పెట్టుకుంటే ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. కుట్టిన ముక్కలు విడివిడిగానే పోయేవి, పైన గుండ్రటి బిళ్ళ వేరుగా, చుట్టూ వచ్చే పట్టీ వేరుగా. రెంటినీ కలిపి టోపీ చేసేది అక్కడే. పైగా మా దగ్గర ఆ టోపీ ఎవరూ పెట్టుకోరు. ఇక్కడి టోపీలు వేరు. చాచా సేఠ్‌తో కలిసి దిగిన ఫొటో ఒకటి ఇంట్లో ఉండేది. అందులో సేఠ్ తల మీద కుమ్మా ఉంది గానీ, ఫ్లాష్ పడి తల మొత్తం తెల్లటి మచ్చలా వచ్చింది. ఖాలా ఆ ఫొటోను ఎన్నిసార్లు చూసిందో. "గిన్ని కుట్టిన బేటీ. ఒక్క నెత్తి మీదన్న చూడకపోతి" అనేది. ఒకటి ఇంటికోసం ఉంచుకొని కలిపి కుట్టుకోవచ్చు కదా అని నేనంటే నా మీద కోపం చేసింది. "మాల్ మంది సొమ్ము. మనం ఉంచుకునుడేంది?"

చాచా సెలవుకు వచ్చినప్పుడల్లా వసారాలో కూర్చొని ఒమన్ ముచ్చట్లు చెప్పేవాడు. ఈ టోపీలు ఒకప్పుడు అక్కడి ఆడవాళ్ళే కుట్టేవారట, ఎవరి మొగుడికి వాళ్ళు. "మొగుని నెత్తి చూస్తే పెండ్లాం ఓపిక తెలుస్తదంట ఆడ" అనేవాడు. భూమిలో చమురు పడ్డాక చేతుల్లో పైసలు ఆడాయి. పైసలుంటే పొద్దంతా కూర్చొని బెజ్జాలు ఎవరు పొడుస్తారు? కుట్టు బంగ్లాదేశ్ ఆడవాళ్ళ చేతికి పోయింది. అందులోంచి కాస్త మా గల్లీకి వచ్చింది. మేమంతా మా అదృష్టం అనుకున్నాం. ఖాలా అనుకోలేదు. "సూదికి కాళ్ళుంటయి బేటీ. వాళ్ళ చేతులకెల్లి మన చేతులకు నడిచొచ్చింది. మన దగ్గరనే కూసుంటదని ఏమున్నది?" అంది. అప్పుడు ఆ మాట ఎవరికి పట్టింది? నవ్వి ఊరుకున్నాం.

తెలంగాణ వచ్చింది. మా ఊరు నల్లగొండ జిల్లాలోంచి కొత్త జిల్లాలోకి పోయింది. అదే కాలంలో చమురు ధర పడిపోయింది. టీవీలో ఆ వార్త విని పెట్రోలు చవక అవుతుందని మా ఊళ్ళో సంబరపడినవాళ్ళున్నారు. మా అమ్మ కూడా పడింది. మస్కట్‌లో కంపెనీలు పనులు ఆపేశాయి. నౌకరీ ముందు తమ దేశపువాళ్ళకే అన్నారు. వాళ్ళ పిల్లలూ డిగ్రీలు చేసి ఖాళీగా తిరుగుతున్నారట, తప్పెట్లా అంటాం? చాచాను ఇంటికి పంపేశారు. ఇన్నేళ్ళ చాకిరీకి ఒక దుప్పటీ, ఒక టార్చిలైటు పట్టుకొని దిగాడు. మాల్ పలచబడింది. పండుగకు ముందు రెండు మూటలు వచ్చేచోట ఒకటి వచ్చింది, మరుసటేడు సగం మూట వచ్చింది. ఎక్కడి చమురు, ఎక్కడి రామన్నపేట! చమురు ధర పడితే మస్కట్‌లో పొయ్యి ఆరాలి గానీ, ఇక్కడ వసారాలో చాప చుట్టెయ్యడమేమిటి? ప్రపంచం దగ్గరైందని పెద్దవాళ్ళు మైకుల్లో చెబుతుంటారు. దగ్గరైంది నిజమే, పేదవాళ్ళ మీద పడేంత దగ్గరైంది.

సేఠ్ ఏడాదికోసారి, పండుగనాడు, ఫోన్ చేసేవాడు. పనివాళ్ళ దగ్గర నేర్చుకున్న వచ్చీరాని హిందీ ఆయనది. మాల్ రావడం ఆగిపోయిన ఏడు కూడా చేశాడు. చాచా నమాజుకు పోయాడు. ఖాలా ఎత్తింది. పండుగ పూట సేమియా తినడానికి నేనూ అమ్మా అక్కడే ఉన్నాం. సేఠ్ గొంతు ముక్కలు ముక్కలుగా వస్తోంది. "ఇధర్ మాల్ ఆగయా బహెన్. బహోత్ బడా మాల్" అన్నది మాత్రం మాక్కూడా వినిపించింది. ఖాలా ముఖం అంతగా వెలగడం నేను మళ్ళీ చూడలేదు. "ముబారక్ సేఠ్! ముబారక్!" అని అరిచింది ఫోన్‌లోకి. అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత లైను తెగిపోయింది.

"మాల్ వచ్చిందంట! బహోత్ బడా మాలంట!" అని ఆ నిమిషంలోనే గల్లీ అంతా చెప్పి వచ్చింది. ఎదురింటామె భర్త లేని మనిషి. చిట్యాల దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ పని దొరికింది ఆమెకు, సోమవారం నుంచి పోవాలి. ఖాలా ఆమె రెండు చేతులూ పట్టుకొంది. "ఎండల పడి బస్సుల ఎందుకు తిరుగుతవు? మాల్ వస్తది. ఇంటి దగ్గరనే కూసోని కుట్టుకోవచ్చు" అంది. ఆమె ఆ పనికి పోకుండా ఆగిపోయింది. అమ్మ బేగంబజారుకు పోయి బియ్యపు తెలుపు దారం పెట్టెలకు పెట్టెలు తెచ్చింది. చాప దులిపి వసారాలో మళ్ళీ పరిచారు. అందరూ కళ్ళలో వత్తులు వేసుకొని కూర్చున్నారు.

బక్రీద్ పోయింది, పీర్ల పండుగ పోయింది. సేఠ్‌కు ఫోన్ చేస్తే ఎత్తడు. ఎవరడిగినా ఖాలా ఒకటే మాట, "వస్తది. సేఠ్ నోటితోని చెప్పిండు." ఓ రోజు ఎదురింటామె వసారా ముందు నిలబడి అందరూ వినేటట్టు అరిచింది. కంపెనీవాళ్ళు ఆ పని ఇంకెవరికో ఇచ్చేశారు. "నీ మాల్ మీద మన్నువడ! నీ నోట్లె మన్నువడ!" అంది. ఆమె పోయాక ఖాలా చాప చుట్టి గోడకు నిలబెట్టింది. ఆ తర్వాత ఎదురింటామె పత్తి ఏరడానికి పోయేది, కట్టంగూర్ దాకా కూడా. ఖాలా ఆమె ఎదురుపడితే తల దించుకొని పోయేది.

అసలు సంగతి తెలిసింది మా దుకాణంలోనే. ఆటోలో మైకు కట్టుకొని ఎవరో కాగితాలు పంచుతూ పోతున్నారు. "నల్లగొండలో మాల్ వచ్చేసింది! రండి, మీ కుటుంబంతో రండి!" అని పాట మధ్యలో అరుస్తున్నారు. ఖాలా గల్లా దగ్గర సూదుల పొట్లం చూస్తోంది. చటుక్కున తలెత్తింది.

"మాల్ వచ్చిందా? నల్లగొండకా?"

"ఆ మాల్ కాదు ఖాలా. గిది వేరే. పెద్ద దుకాణం. బట్టలు, చెప్పులు, బియ్యం, టీవీలు, అన్నీ ఒక్కదగ్గరనే దొరుకుతయి. ఏసీ ఉంటది. మెట్లు గూడ వాటంతటవే నడుస్తయట."

"గంత పెద్దదా?"

"శాన పెద్దది."

"గసొంటిది వస్తే మీ దుకాణం ఏమైతది బేటీ?"

"ఏమైతది, ఈగలు కొట్టుకోవాలె" అన్నాను నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. చేతిలో సూదుల పొట్లం గల్లా మీద పెట్టింది. పెదవులు కదులుతున్నాయి. కాసేపటికి వినపడింది. "ఇధర్ మాల్ ఆగయా బహెన్... బహోత్ బడా..." అని తనలో తాను అనుకుంటోంది. నాకూ అప్పుడే వెలిగింది.

"ఆయన ఏడుస్తుండె బేటీ" అంది ఖాలా. "దుకాణం మునిగిందని చెప్పుకొని ఏడుస్తుండె. నేనేమో ముబారక్ అన్న. ఒక్కసారి గాదు, రెండుసార్లన్న."

మాట ఒక్కటే, సరుకూ అదే, సరుకును మింగేదీ అదే. ఆమె తప్పేముంది? కానీ ఆమెకది తప్పులాగే తగులుకుంది. నా ఫోన్ తీసుకొని అక్కడే నిలబడి సేఠ్‌కు మళ్ళీ మళ్ళీ చేసింది. మాఫ్ చెయ్యమని అడగడానికి. ఆ నంబరు పనిచేయడం లేదని ఏదో అరబ్బీలో చెబుతోంది ఫోన్. కొన్నాళ్ళకు చాచా పాత దోస్తు ఒకడు అక్కడి నుంచి వచ్చి మిగతాది చెప్పాడు. పాత బజారుకు గిరాకీ పోయింది. చేతి టోపీ కొనేంత పైసలు జనం దగ్గర లేవు, ఉన్నవాళ్ళు మాల్‌కు పోతున్నారు. సేఠ్ దుకాణం మూతపడింది. ఆయన కొడుకు అదే మాల్ వాకిట్లో కాపలా బట్టలేసుకొని నిలబడుతున్నాడు. ఖాలా అంతా విని, "పాపం సేఠ్. మనకన్న పడుడు అలవాటే. వాళ్ళకు కొత్త" అంది.

నల్లగొండ మాల్ చూస్తానని ఆమే అడిగింది. వద్దన్నా వినలేదు. రంజాన్ ముందు ఓ మధ్యాహ్నం బస్సులో పోయాం. నడిచే మెట్లు చూసి భయపడి పక్క మెట్లు ఎక్కింది. పై అంతస్తులో ఒక బల్ల మీద అత్తర్లు, ఖర్జూరం డబ్బాలు, నమాజుకు పరిచే జానిమాజులు, వాటి పక్కన ప్లాస్టిక్ కవర్లలో టోపీలు. పైనున్నది ఎత్తి చూసి ఖాలా ఊపిరి బిగబట్టింది. కుమ్మా. ఆమె కుట్టిన ముగ్గే, చుక్క చుక్కకూ అదే. నేను చీటీ చదివాను. చైనాలో తయారైంది.

ఆమె కళ్ళద్దాలు తుడుచుకొని, టోపీని తిరగేసి, గోటితో వెనక వైపు ఒక్కో కాజా గీకి చూసింది. దారాన్ని చూసేటప్పటి ముఖమే పెట్టింది. వంక కోసం వెతుకుతోంది. నేనూ మనసులో అదే కోరుకుంటున్నాను, దేవుడా ఒక్క పోగు తప్పి ఉండాలి అని. ఆమె చాలాసేపు చూసింది. పక్కన నిలబడ్డ అమ్మాయి, "తీసుకుంటరా అమ్మా?" అని కూడా అడిగింది.

"మంచిగనే కుట్టింది" అంది ఖాలా చివరికి, మెషీన్‌ను. "సక్కగున్నది. వంక లేదు." టోపీని కవర్లో పెట్టి, ముడత లేకుండా అరచేత్తో సాపు చేసి, తీసిన చోటే పెట్టింది. తిరిగొచ్చేటప్పుడు బస్సు నార్కట్‌పల్లి దాటాక, "నిన్నమొన్నటిదాక సూది నడుస్తుండె. ఇప్పుడు ఉరుకుతాంది. నేనేడ అందుకుంట?" అంది.

కరోనాలో చాచా పోయాడు. ఆ ఏడే మా అమ్మా పోయింది. ఖాలా కొడుకు వెల్డింగ్ పని చేస్తాడు, మంచివాడు, అమ్మను ఏనాడూ ఒక్క మాట అనలేదు. ఆమె కళ్ళల్లో పొరలు పెరిగాయి. కొడుకు దవాఖానకు తీసుకుపోతానంటే, "గీ కండ్లతోని ఇంకేం చూడాలె" అనేది. అయినా సూది వదల్లేదు. చివరి మూటలో పైబిళ్ళా పట్టీ ఒక్క జత మిగిలాయి. సేఠ్ వాటిని అడగలేదు, అడిగేవాడూ లేడు. ఇన్నాళ్ళూ మంది సొమ్మని దాచింది. ఈ మధ్యే ఒకరోజు వాటిని నా దగ్గరికి తెచ్చి, "గిదిప్పుడు ఎవ్వరిది గాదు. నేనే కుట్టి నా కొడుకు నెత్తి మీద పెడత" అంది. కొడుకు నవ్వాడు గానీ కాదనలేదు. కంటికి బెజ్జం ఆనదు కాబట్టి నేను రోజూ సూదుల్లో దారం ఎక్కించి ఒక గుడ్డముక్కకు గుచ్చి ఉంచేదాన్ని. ఆమె దుకాణం మెట్టు మీద కూర్చొని, చుక్కను వేలితో తడిమి తడిమి కుట్టేది. ముందులా లేవు కాజాలు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఆమెకు తెలుసు.

మధ్యమధ్యలో ఎవరైనా గిరాకీ వచ్చి, "అక్కా, కొత్త మాల్ వచ్చిందా?" అని బ్లౌజు గుడ్డల గురించి అడిగితే, ఖాలా తల తిప్పి చూసేది. అన్నీ తెలిసిన తర్వాత కూడా చూసేది. దింపుడు కళ్ళం ఆశ అంటారు చూడండి, అది. పోయిన వారం అట్లాగే ఎవరో అడిగారు. నేను రేపు వస్తదని చెప్పాను. ఆ మనిషి వెళ్ళిపోయాక ఖాలా, "రాదు బేటీ" అంది, కుట్టడం ఆపకుండానే. "ఇగ రాదు." అంతవరకూ ఆమె నోట ఆ మాట నేను వినలేదు.

ఆ రోజే లేచి పోబోతూ, బిళ్ళనూ పట్టీనీ రెండు గుండుసూదులతో కలిపి గుచ్చి నా చేతికిచ్చింది. సగం చుక్కలు ఇంకా నీలంగానే ఉన్నాయి. ఒక కాజాలో సూది అట్లాగే వేలాడుతోంది.

"జర పెట్టుకో."

"నేనా? నాకెందుకు ఖాలా? ఆడదాన్ని."

"పెట్టుకో అంటున్న గద. నెత్తి నెత్తే."

పెట్టుకున్నాను. బజారు మీద ఇద్దరు ముగ్గురు చూసి నవ్వుకున్నారు. ఖాలా నన్ను మెట్టు చివరికి, ఎండలోకి జరిపింది. దగ్గరికొచ్చి, వెనక్కి పోయి, పక్కకొచ్చి చూసింది. ఆ పొరల కళ్ళకు ఎంత కనిపించిందో నాకు తెలియదు. చేయి చాచి అంచు పట్టుకొని కాస్త కిందికి లాగి సరిచేసింది.

"గిట్లుంటదా" అంది.

"నీ దగ్గరనే పెట్టు, రేపొచ్చి కుడత" అని వెళ్ళింది. మర్నాడు జ్వరమొచ్చింది. మళ్ళీ దుకాణానికి రాలేదు.

ఐలాన్ విన్నాక దుకాణం మూసి వాళ్ళింటికి పోయాను. స్నానం చేయించి, తెల్లటి కఫన్ చుట్టి పడుకోబెట్టారు. కుట్టు లేని గుడ్డ. పొద్దంతా సూది పట్టుకొని బతికిన మనిషి ఒంటి మీద ఒక్క కుట్టు లేదు. వేలికి అంగుష్తానా లేదు, అది ఉండే చోట మచ్చ మాత్రం ఉంది. దారం కొసల దిండు బయట గోడ దగ్గర పడేసి ఉంది. వసారాలో ఎదురింటామె గోడకానుకొని కూర్చొని ఉంది. నన్ను చూసి, "ఆ పొద్దు నోట్లె మన్ను అన్న. ఇయ్యాల నిజంగనే మన్నుల కలుపుతున్రు" అని కొంగు నోట్లో కుక్కుకొంది.

కొడుకు పని మీద ఉన్న చోటు నుంచి అట్లాగే వచ్చాడు. హడావుడిలో టోపీ దొరకలేదు. ఎవరో దస్తీ ఇస్తే తలకు చుట్టి వెనక ముడి వేసుకొన్నాడు. అది చూడగానే నేను దుకాణానికి పరుగెత్తాను. ఆడవాళ్ళు జనాజా వెంట పోకూడదు, కానీ జనాజా మా దుకాణం ముందు నుంచే పోవాలి. సొరుగులోంచి టోపీ తీసి మెట్టు మీద నిలబడ్డాను.

వచ్చారు. బజారులో ఒక్కో దుకాణం షట్టరు సగానికి దిగుతోంది. ముందు వరసలో వాళ్ళూ వెనక వరసలో వాళ్ళూ అందరి తలల మీదా టోపీలున్నాయి, అన్నీ ఇక్కడి మామూలు టోపీలే, మెషీన్ కుట్టువి, ఒక్కటి కూడా చేతిది కాదు. కొడుకు ఎడమవైపు ముందు కొయ్య కింద భుజం పెట్టాడు. నేను మెట్టు దిగి టోపీ పట్టుకొన్న చేయి చాచాను. వాడు చూశాడు. ఏమిటో వాడికి తెలుసు. రెండు చేతులూ కొయ్యను పట్టుకొని ఉన్నాయి, భుజం మీద అమ్మ ఉంది. వదిలి అందుకోవడానికి లేదు. వెనకవాళ్ళ అడుగులు ఆగవు.

వాడు తల తిప్పుకొని ముందుకు పోయాడు. దస్తీ ముడి వెనక మెడ మీద ఊగుతోంది. వాళ్ళు మలుపు తిరిగేదాకా నేను చేయి చాచే ఉన్నాను. టోపీ అంచు నుంచి ఆమె సూది బియ్యపు తెలుపు దారానికి వేలాడుతూ, గాలికి తిరుగుతూ ఉంది.